మంచు తాగే గోడ

తుషారనగరంలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఏ చెరువువీ కావు, ఏ ఏటివీ కావు. అవి ముందురాత్రి గాలిలో తిరిగిన తేమ. నగరానికి తూర్పున, హగరి నది పక్కన పేరుకున్న ఇసుక మేటల మీద, తాటిచెట్టుకు రెండింతల ఎత్తున ఒక గోడ ఉంది. గోడ అంటారు గానీ అందులో రాయీ లేదు, సిమెంటూ లేదు. వరసగా నిలబెట్టిన ఉక్కు స్తంభాల మధ్య సన్నని తెల్లని తెరలు ఉంటాయి. పొద్దు గూకగానే వాటిని విప్పుతారు. ఆ తెరల నూలు తనలోని వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికన్నా బాగా చల్లబడుతుంది. చల్లటి నీళ్ల చెంబుకు చెమట పట్టినట్టు తెరకు నీరు పడుతుంది. తెల్లవారేసరికి ఆ నీరు కాలువల్లోకి, అక్కడినుంచి ఇళ్లలోకి వెళుతుంది.

బావులు ఎండిపోయి, ఊళ్లు ఖాళీచేసి వచ్చిన వేలమంది ఆ నగరంలో బతుకుతున్నారు. ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడేలా మట్టి ఇటుకలతో కట్టిన వీధులవి. వేసవిలోనూ చెప్పులు లేకుండా నడవవచ్చు. అక్కడి బడిలో నేను తెలుగు చెప్పేదాన్ని. తెరల నూలును తయారుచేసిన శాస్త్రవేత్త శశిభూషణ్ నా భర్త. ఆయనకు ఆ ఆలోచన పుట్టింది మా అక్క కొట్రమ్మ చేలో.

మా ఊరు మేటహాళ్ నగరానికి పడమర ఉంది. నల్లరేగడి నేల. వానలు వెళ్లిపోయాక శనగ వేస్తాం. దానికి మళ్లీ వాన అక్కర్లేదు, నీరు పెట్టే పని లేదు. నేలలో మిగిలిన పదునుతోనూ రాత్రి పడే మంచుతోనూ పండుతుంది. శనగాకు మీద ఒక పులుపు ఊరుతుంది. పొద్దు గూకే వేళ పలచటి పంచె ఒకటి మొక్కల మీద పరిచి వస్తే, తెల్లవారేసరికి అది మంచుకు తడిసి, ఆకుల పులుపంతా పీల్చుకుని ఉంటుంది. దాన్ని పింగాణీ జాడీలోకి పిండుకుంటారు. కడుపునొప్పికీ వడదెబ్బకూ మా వైపు ఇళ్లలో ఆ పులుసే మందు.

శశిభూషణ్ చదువుకునే రోజుల్లో ఇసుక మేటలు ఎంత జరుగుతున్నాయో కొలవడానికి మా ఊరు వచ్చారు. ఒక తెల్లవారుజామున అక్క గుడ్డ పిండుతుంటే గట్టు మీద నిలబడిపోయారు.

"ఏమప్పా, మా చేన్లో ఏమన్నా పోగొట్టుకుంటివా?" అంది అక్క.

"ఈ గుడ్డలోకి నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయండీ?"

"మీ కాలేజీలో చెప్పలేదా? పైనుంచి. బిల్లు కూడా రాదు."

ఆ ఉదయమే ఆయన నన్నూ చూశారు. కులాలు వేరు కాబట్టి మా నాయన పెళ్లికి ఒప్పుకోలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాయన దగ్గర కూర్చుని, "గుడ్డ పిండేది చూసి నిలబడినోడు నాయనా. ఆడోళ్లు చేసే పని కంటికి ఆనినోడు. ఇట్లాంటోడు మన కులంలో యాడుండాడో చూపించు," అని ఒప్పించింది. తర్వాత ప్రయోగశాలలో తయారైన మొదటి తెరముక్కకు ఆయన 'అక్క పంచె' అని పేరు పెట్టారు. అక్క ఆ మాట విని చాలాసేపు నవ్వింది.

తుషారనగరం లేచింది మా ఊరి భూముల మీదే. ఇసుక కప్పేసిన చేలను ఊరు ముందు కొంత గడువుకని ఇచ్చింది. గోడ ఎప్పటికీ ఉండాలంటే ఊరు మళ్లీ ఒప్పుకోవాలి. గోడ లేచిన మొదటి చలికాలం మా శనగ పలచబడింది. గోడ మా మంచును తాగేస్తోందని ఊళ్లో మాట పుట్టింది. బడి ఆవరణలో సమావేశం పెట్టారు. నా భర్త తెరమీద పటాలు చూపించి, గోడ దాటి వచ్చిన గాలిలో ఇంకా తేమ ఉంటుందని చెప్పారు.

ఊరి పెద్దరైతు వన్నూరప్ప లేచాడు. "సార్, ఈ గీతలు మాకు తెలీవు. మాకు తెలిసిన మాదిరి చూద్దాం. చేన్ల మీద గుడ్డలు పరుస్తాం. పొద్దున అందరి ముందర పిండుదాం. నీళ్లు కారితే మీ గోడకు మా ఒప్పుదల. కారకుంటే గోడ దించల్ల."

ఎవరు పిండాలన్న దగ్గర మాట ఆగింది. ఊరివాళ్లు పిండితే నగరంవాళ్లు నమ్మరు, వాళ్లు పిండితే వీళ్లు నమ్మరు. అక్క నన్ను చూపించి అంది, "నీలమ్మ పిండల్ల. అది పుట్టింది ఈడ, కాపురముండేది ఆడ. టీచరమ్మ. తడి ఉంటే ఉండాది అంటాది, ల్యాకుంటే ల్యాదంటాది."

ఎవరూ కాదనలేదు. ఆ వారమంతా నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. అనుకున్న ఉదయం జనం చుట్టూ నిలబడి చూస్తుండగా గుడ్డ పిండాను. నీళ్లు ధారగా కారి నా మోచేతుల దాకా వచ్చాయి. తడి ఉంది అని చెప్పాను. అక్క జాడీలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కాసేపు వేలు అలాగే పెట్టుకుని నిలబడింది.

"పులుపెట్లుంది కొట్రక్కా?" అని వన్నూరప్ప అడిగాడు.

"శనగపులుసు పులుపు కాక చక్కెర మాదిరుంటాదా?" అంది. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి ఊరంతా వేలిముద్రలు వేసింది.

ఆ తర్వాతి చలికాలాల్లో శనగ పూత రాలిపోయింది. నిలిచిన కాయల్లో గింజ లేదు. కాలం మారిందని ఊరివాళ్లే అనుకున్నారు. ఎవరైనా గోడ మాట ఎత్తితే, "గుడ్డ తడిసింది కదప్పా, మన కళ్లతో చూస్తిమి," అని పక్కవాళ్లే నోరు మూయించేవాళ్లు. ఇళ్లకు తాళాలు పడ్డాయి. అక్క, బసవరాజు బావ బెంగుళూరు వెళ్లి, కడుతున్న అపార్టుమెంటుకు కాపలా కుదిరారు. మా ఇంటికి వచ్చి ఉండమని ఎన్నిసార్లు అడిగినా అక్క రాలేదు.

"మీ ఇంటికొచ్చి ఏం చేయల్ల? ఆ కుళాయి నీళ్లు తాగి కూర్చోల్నా?" అనేది ఫోనులో. మాట తుంచడం ఆమెకు అలవాటే కాబట్టి నేను ఆ మాటను పట్టించుకోలేదు.

నిరుడు సిమెంటు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లోకి చేరింది. దగ్గుతో మొదలై జ్వరంతో ముగిసింది. మేటహాళ్‌కు తెచ్చి, మా ఆచారం ప్రకారం కూర్చోబెట్టి, చేనిగట్టున సమాధి చేశాం. బావ మళ్లీ బెంగుళూరు పోనని ఊళ్లోనే ఉండిపోయాడు. మట్టి వేసేటప్పుడు నా భర్త అందరికన్నా ఎక్కువ ఏడ్చారు. నేనే ఆయన్ను ఓదార్చాను.

ఈ చలికాలం నగరం పెరిగింది. రెండో గోడ కావాలన్నారు. దానికీ మా ఊరి నేలే కావాలి. ఊరు మళ్లీ అదే పరీక్ష అడిగింది. పిండేది మళ్లీ నేనే.

పరీక్ష ఇంకా కొద్దిరోజులుందనగా, ఉపాధ్యాయుల గదిలో మణిమాల టిఫిను డబ్బా మూత తీస్తూ, నగర కార్యాలయం నుంచి వచ్చిన సందేశం ఫోనులో చదివింది. మణిమాల లెక్కల టీచరు. మా వీధిలోనే ఉంటుంది.

"గురువారం కుళాయిలు రావట. ముందురోజే పట్టుకోమంటున్నారు," అని నా వైపు చూసి నవ్వింది. "ఏంటి నీలావతిగారూ, మళ్లీ మీ ఊళ్లో గుడ్డలు పిండుతున్నారా?"

"నీళ్లు రాకపోవడానికీ దానికీ సంబంధం ఏమిటి?" అన్నాను.

"భలేవారే. పోయినసారీ అంతేగా. గుడ్డలు పిండిన రోజు మాకు స్నానాలు లేవు. మా అత్తగారు రెండు బిందెలతో ఇల్లంతా నడిపింది. మీరప్పుడు మీ అక్కగారింట్లో ఉన్నారు కదా." అంతలో ఆమె నా ముఖం చూసింది. చేతిలోని చెంచా డబ్బాలో పెట్టేసింది. "మీకు తెలుసనే అనుకున్నామండీ. శశిభూషణ్‌గారి ఇంట్లో మీకు తెలియకుండా ఎలా ఉంటుంది అని. ఇక్కడ అందరూ నవ్వుకునే మాటే కదా ఇది."

మిగిలిన పాఠాలు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

బడి వదిలాక ప్రయోగశాలకు వెళ్లాను. అది గోడ మొదట్లోనే ఉంటుంది. నా భర్త రెండో గోడకోసం చేసిన కొత్త నూలు పోగును కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తున్నారు. కింద గాజుపళ్లెంలో చుక్కలు పడుతున్నాయి.

"చూడు నీలా, పట్టపగలే ఎలా లాగుతోందో. పాతదానికి రెండింతలు," అన్నారు.

"పోయినసారి గుడ్డలు పరిచిన రాత్రి తెరలు విప్పారా?" అని అడిగాను.

ఆయన పోగును కొక్కేనికి తగిలించారు. "ఎవరు చెప్పారు?"

"విప్పారా, లేదా?"

"లేదు."

అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఆయన నిలబడే మాట్లాడారు. "ఆ ఏడు ఎంతమంది వచ్చారో నీకు తెలుసు. నీ క్లాసులోనే ఉన్నారు వాళ్ల పిల్లలు. గోడ దించేస్తే వాళ్లంతా ఎక్కడికి పోవాలి? ఒకవైపు ఒక ఊరి శనగ, ఇంకోవైపు ఇంతమంది దాహం. ఎవరో ఒకరు తూచాలి కదా."

"తూచేటప్పుడు మా ఊరివాళ్లనూ పిలవవలసింది."

"పిలిస్తే ఒప్పుకునేవాళ్లా?"

"నాకైనా చెప్పవలసింది."

"నీకు చెబితే ఆ పొద్దున అంతమంది ముందు నిలబడి తడి ఉందని అనగలిగేదానివా?" అన్నారు. అది కోపంగా అన్న మాట కాదు. లెక్క వివరిస్తున్నట్టే అన్నారు. నాకు తెలియకపోతేనే నా మాటకు విలువ ఉంటుందని ఆయన ముందే ఆలోచించుకున్నారు.

ఆయనే మళ్లీ అన్నారు. "మీ అక్కకు తెలుసు."

నేను తలెత్తాను.

"ఆ రోజే కనిపెట్టింది. జనం తప్పుకున్నాక నా దగ్గరకు వచ్చింది. ఇది ఒక్క రాత్రి పులుపు కాదంది. మంచు పడని రోజుల పులుపంతా ఆకు మీదే పేరుకుని, ఒకేసారి గుడ్డలోకి దిగిందట. రాత్రి గోడ ఆపితిరి కదా అని అడిగింది. నేను అబద్ధం చెప్పలేకపోయాను."

"ఆమె ఏమంది?"

"మా నీలమ్మకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. 'తెలీనీయొద్దు. తెలిస్తే అది నీతో కాపురం చేయదు' అంది. వెళ్లి వేలిముద్ర వేసింది."

గాజుపళ్లెంలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. అక్క బెంగుళూరు బయలుదేరిన రోజు బస్సు దాకా సామాను మోసింది ఈయనే.

"ఆమె చనిపోయినప్పుడైనా చెప్పాలనిపించలేదా?" అన్నాను.

"ఆమెకు మాట ఇచ్చాను." ఆయన తల దించుకున్నారు. తర్వాత, "గురువారం నువ్వు పిండాలి నీలా. వాళ్లు నీ పేరే అడిగారు," అన్నారు.

"పిండుతాను," అన్నాను. ఆయన ముఖం తేలికపడింది. ఇన్నేళ్లు నాతో ఉండి, ఆ మాటను ఆయన ఒప్పుదల అనుకున్నారు.

గురువారం తెల్లవారేసరికి అందరం మా అక్క చేలో ఉన్నాం. విత్తనం వేసింది బావ. మొక్కలు జానెడు లేచి ఆగిపోయాయి. నగర నిర్వాహకుడు దినకర్ గట్టున కుర్చీలు వేయించాడు. నా భర్త ఆయన పక్కన కూర్చున్నారు. బావ గుడ్డ ఒక కొస పట్టుకుంటే నేను రెండో కొస పట్టి మెలిపెట్టాను. నీళ్లు కారాయి.

"చెప్పండి మేడమ్," అన్నాడు దినకర్.

"తడి ఉంది. రాత్రి గోడకు తెరలు విప్పలేదు. పోయినసారి కూడా విప్పలేదు. అందుకే అప్పుడూ తడి ఉంది, ఇప్పుడూ ఉంది."

బావ చేతిలోని గుడ్డకొస వదిలేశాడు.

దినకర్ లేచి నిలబడ్డాడు. "మేడమ్‌గారు నిరుడే అక్కగారిని పోగొట్టుకున్నారు. బాధలో ఉన్నారు. మనం అర్థం చేసుకోవాలి."

"బాధలో ఉన్నోళ్లకు తడీపొడీ తెలీదా సారూ?" అన్నాడు వన్నూరప్ప. తర్వాత నా వైపు తిరిగాడు. అతని ముఖం మీద నమ్మకం లేదు. "నువ్వే కదమ్మా అప్పుడూ పిండింది. ఏ మాట పట్టుకోల్ల మేము?"

అతను అలా అడగడం న్యాయమే. ప్రయోగశాల నుంచి వచ్చాక నేను ఆలోచించింది దానికి జవాబే.

"నా మాట పట్టుకోవద్దు. వాళ్ల మాటా వద్దు. గుడ్డలు ఇక్కడే పరిచి ఉంచుదాం. రేపు పిండుదాం, ఎల్లుండి పిండుదాం. ఆ నగరం నీళ్లు దాచుకోదు. ఏ రోజు మంచు ఆ రోజు తాగేలా కట్టారు. ఉన్న తొట్లు ఒకటి రెండు రోజులకే చాలుతాయి. గోడ ఆపితే మన గుడ్డ తడుస్తుంది, వాళ్ల కుళాయి ఎండుతుంది. గోడ నడిపితే కుళాయి తడుస్తుంది, గుడ్డ ఎండుతుంది. రెండూ ఒకేరోజు తడిస్తే గోడ తప్పు లేదని నేనే ఒప్పుకుంటాను."

వన్నూరప్ప కాసేపు లోపలే లెక్క వేసుకున్నాడు. "టీచరమ్మా, ఈ మాట పోయినసారి మాలో ఒకనికి తోచింటే ఈ పొద్దుకు సగం ఊరు బెంగుళూర్లో ఇటుకలు మోస్తా ఉండదు," అని తలగుడ్డ తీసి గట్టు మీద పరిచి కూర్చున్నాడు. అతని వెనక ఊరు కూర్చుంది.

దినకర్ ఒప్పందంలో ఒక్క రోజనే ఉందన్నాడు. "అయితే ఒక్క రోజు వేలిముద్ర వేస్తాం, మర్నాడు చెరిపేస్తాం," అని ఎవరో ఆడమనిషి అంది. నా భర్త కారు ఎక్కారు.

మర్నాడు గుడ్డ తడిసింది. మధ్యాహ్నం మణిమాల ఫోను చేసింది. ఇళ్లకు నీళ్లు ఆగిపోయాయనీ, మిగిలినవి ఆసుపత్రికి ఇస్తున్నారనీ, వీధిలో అందరూ నన్ను తిడుతున్నారనీ చెప్పింది. నేను ఆ మాట వన్నూరప్పకు చెప్పాను. అతను గడ్డం గోక్కున్నాడు.

"ఆసుపత్రోళ్లు మనకేం చేసిరి? పిల్లోళ్లేం చేసిరి? మన బోరు నీళ్లు ఉప్పగుంటే ఉండనీ, గొంతన్నా తడుపుకుంటారు," అని ట్రాక్టరుకు తొట్టి కట్టించాడు. సాయంత్రంలోపు ఆ ట్రాక్టరు చాలాసార్లు తిరిగింది.

ఒకసారి తిరిగివచ్చేటప్పుడు దాని మీద నా భర్త ఉన్నారు. చొక్కా నిండా దుమ్ము. నేను అక్క సమాధి దగ్గర కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చున్నారు. అక్క బతికున్నప్పుడు ఇద్దరమూ ఆ గట్టు మీదే కూర్చునేవాళ్లం.

"తప్పు చేశాను నీలా," అన్నారు. "ఈ రాత్రి కూడా తెరలు విప్పం. రేపు పొద్దున నేనే వస్తాను. పోయినసారి జరిగింది, ఈసారి జరిగింది, అందరి ముందూ నా నోటితో చెబుతాను. నువ్వు నన్ను పట్టించినట్టు కాకుండా నేను ఒప్పుకున్నట్టు ఉండనీ. ఆ ఒక్కటి నాకు మిగలనీ."

"దినకర్ ఊరుకుంటాడా?"

"తాళాలు నా దగ్గరే ఉంటాయి." ఆయన సమాధి మట్టి మీద చెయ్యి పెట్టారు. "మీ అక్క మీద ఒట్టు."

బావ ఇంట్లోంచి బొరుగుల ఉగ్గాని తెచ్చాడు. ముగ్గురం తిన్నాం. ఆయన ఆకలిగా తిన్నారు, ఇంకొంచెం అడిగి పెట్టించుకున్నారు. మా పెళ్లికి ముందు ఆ ఇంట్లో తిన్నట్టే తిన్నారు. వెలుతురు ఉండగానే ట్రాక్టరు ఎక్కి వెళ్లిపోయారు. బావ చాలాసేపు ఆ దారివైపే చూసి, "మనిషి చెడ్డోడు కాదు మే," అన్నాడు. నేను అవునన్నాను. ఆ సాయంత్రం నేను ఆ మాట నమ్మాను.

తెల్లవారి చేలోకి దిగాను. మంచు పడిన రోజు శనగచేలో నడిస్తే పాదాలు తడిసి, చీలమండల దగ్గర పులుపు చురుక్కుమంటుంది. నడుస్తూ నడుస్తూ సగం చేను దాటాను. నా పాదాలకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. అప్పటికే జనం గుడ్డ చుట్టూ నిలబడ్డారు. ఆయన రాలేదు. దినకరూ రాలేదు.

బావ ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. మెలిపెట్టాం. బావ చేతులు మార్చుకుని మళ్లీ మెలిపెట్టాడు. జాడీలోకి ఏమీ పడలేదు. నగరం నుంచి అప్పుడే తిరిగివచ్చిన మా ఊరివాడు ఒకడు, తెల్లవారేసరికి అక్కడ కుళాయిలు వస్తున్నాయని చెప్పాడు.

అందరూ నన్ను చూస్తున్నారు. నేను చెప్పాలి.

"తడి లేదు," అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలామె గుడ్డను చేతిలోకి తీసుకుని తడిమి చూసి పక్కామెకు ఇచ్చింది. అలా అది చేతులు మారుతూ పోయింది. పొద్దు కొంచెం ఎక్కాక దినకర్ ఇద్దరు అధికారులతో వచ్చాడు. ఈసారి కుర్చీలు తేలేదు. వన్నూరప్ప కొత్త వేలిముద్రలు లేవన్నాడు, పాతవి చెల్లవన్నాడు.

"అంటే గోడ దించేయమంటారా?" అన్నాడు దినకర్.

వన్నూరప్ప ఊరివాళ్ల వైపు తిరిగి చూశాడు. వాళ్లలో వాళ్లు కాసేపు గొణుక్కున్నారు. "ఏంటికి దించల్ల?" అన్నాడు చివరికి. "ఆడ పిల్లోళ్లుండారు కదా. చలికాలం మూడు నెలలు రాత్రి మార్చి రాత్రి మాకు ఇడవండి. మీకు చాలకుంటే తొట్లు పెద్దవి కట్టుకోండి, మేమూ వచ్చి ఓ చెయ్యేస్తాం. శనగ పండితే చాలు మాకు. రెండో గోడ మాట మాత్రం ఎత్తొద్దు."

ఇంత చిన్న కోరిక ఎదురవుతుందని దినకర్ అనుకుని ఉండడు. వాళ్లు అక్కడే నేల మీద కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఈ చలికాలంలోనే రాత్రులు పంచుకున్నారు. ఈ ఏడు శనగ గింజ కట్టింది, ఎక్కువ కాదు.

ఆ ఉదయం మాటలు నడుస్తుండగా నా భర్త ఒక్కరే నడిచి వచ్చారు. గట్టు దగ్గర ఆగారు. నేను వెళ్లాను.

"తెల్లవారుజాముదాకా ఆపాను నీలా," అన్నారు. "ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తొట్టి అడుగంటిందన్నారు. ఇంక నా చేతులు ఆగలేదు."

మంచు పడేది తెల్లవారుజామునే. ఆ సంగతి ఆయనకన్నా బాగా తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

"ట్రాక్టరు ఇక్కడే ఉంది. మీరొక్క ఫోను చేసి ఉంటే మేము నీళ్లు పంపేవాళ్లం కదండీ," అన్నాను.

ఆయన చేలో కూర్చున్న జనాన్ని చూశారు. వన్నూరప్ప చేతివేళ్ల మీద రాత్రులు లెక్కపెడుతున్నాడు, దినకర్ తల ఊపుతున్నాడు. ఇన్నేళ్ల తర్వాత, అక్క పోయాక, అప్పుడు ఆయనకు అర్థమైందనుకుంటాను.

"అడగాలని నాకు తోచలేదు," అన్నారు.

"తెలుసు," అన్నాను.

ఇంటికి వస్తావా అని ఆయన అడగలేదు. బావ వెనకనుంచి పిలుస్తున్నాడు. ఆ పొద్దున గుడ్డ చేతిలోకి తీసుకునేటప్పుడు, ఊరు గెలవాలంటే అది పొడిగా ఉండాలని తెలిసి కూడా, తడిగా ఉంటే బాగుండునని కోరుకున్నది ఆ చేలో నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆయనకు చెప్పకుండానే వెనక్కి తిరిగాను.